బీజము – క్షేత్రము

నేను సేద్యము చేయువాడను కాను. సంస్కృతమును, ఆంగ్లమును చదివికొని, కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీమలో ఇరువదియేండ్లుగా పిల్లలకు పాఠములు చెప్పుకొని బ్రదుకుచున్న బడిపంతులను. జన్యుమార్పిడి పంటల మేలుకీడులనుగూర్చి వ్రాయుటకు నీకేమి యధికారమని చదువరు లడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. శాస్త్రజ్ఞుని యధికారము నాకు లేదు. కాని యీ విషయమున నేను రెండు తప్పులు చేసితిని. వానిని చెప్పుకొనుటకైనను నాకు హక్కు కలదనుకొందును.

మొదటి తప్పు 2008వ సంవత్సరపు తొలకరిలో జరిగినది. మా యేడవ తరగతిలో చదువుచున్న యొక బాలిక తండ్రి, నాలుగెకరముల రైతు, ఒకనాటి సాయంకాలము పత్తివిత్తుల సంచి నొకదానిని చంకబెట్టుకొని మా యింటికి వచ్చెను. సంచిలో రెండు పొట్లము లుండెను. పెద్దది 450 గ్రాములు, బీటీ విత్తనము. చిన్నది 120 గ్రాములు, సాధారణ విత్తనము. వానితోపాటు చిన్నచిన్న యక్షరములతో అచ్చువేసిన కాగిత మొకటి.

"సారూ, మీకు ఇంగిలీషు వస్తది గదా. దీంట్ల ఏం రాసిండ్రో జర చదివి చెప్పండి" అని యతడడిగెను.

చదివి చెప్పితిని. బీటీ పత్తి చేనిచుట్టును ఐదు వరుసలుగాని, చేనిలో నైదవవంతుగాని, ఏది యెక్కువయైన నది, చిన్నపొట్లములోని సాధారణ విత్తనము వేయవలెనని దాని సారాంశము. అతడు నవ్వెను. "ఆ నాన్‌బీటీకి పురుగు వస్తది గదా సారూ. పైసలు పెట్టి కొని, పురుగులకు మేత వేయమంటరా?" అనెను.

నాకు సమాధానము తెలియదు. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. "అట్లు వ్రాసినారు. ఆపైన నీ యిష్టము" అంటిని. అతడు చిన్నపొట్లమును అరుగుమీదనే విడిచి పోయెను. అది చాలదినములు మా కిటికీలో పడియుండి తుదకు చెత్తలో గలసినది. రెండు భాషలు వచ్చినవాడనని గర్వపడు నేను ఆ కాగితమును మాటకు మాటగా తెలుగు చేసితినే కాని, దాని యర్థమును మాత్రము అతనికి చేర్పలేకపోతిని. అర్థము నాకే తెలియదు గనుక.

ఆ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నాకు తొమ్మిదేండ్లు పట్టినది. దానిని చెప్పుటకు ముందు బీటీ యన నేమో కొంచెము వివరింపవలసియున్నది. మట్టిలో నివసించు సూక్ష్మజీవి యొకటి కలదు. 1901లో జపాను దేశమున ఇషివాతా యను శాస్త్రజ్ఞుడు పట్టుపురుగుల తెగులునకు కారణము వెదకుచు దీనిని కనుగొనెను. 1911లో జర్మనీ దేశీయుడగు బెర్లినరు అనునతడు పిండికి పట్టు పురుగునందు దానినే మఱల కనుగొని, తురింగియా యను సీమ పేరు దానికి పెట్టెను. ఈ జీవి తయారుచేయు మాంసకృత్తు గొంగళిపురుగు కడుపులోని క్షారమున గరగి, పేగుగోడకు రంధ్రములు పొడిచి, పురుగును చంపును. మనుష్యుని కడుపులో నున్నది క్షారము కాదు, ఆమ్లము. ఆ మాంసకృత్తు పట్టుకొని నిలుచుటకు దగిన స్థానములును మన పేగులో లేవు. కావున పురుగునకు విషమైనది మనకు విషము కాలేదు. 1938 నాటికే ఫ్రాన్సు దేశమున ఈ సూక్ష్మజీవిని మందుగా చేసి పైరులకై అమ్మిరి. ఇటీవలి శాస్త్రజ్ఞులు చేసిన క్రొత్తపని యేమనగా, ఆ మాంసకృత్తును పుట్టించు జన్యువును తీసి పత్తిమొక్కలోనే చేర్చుట. అప్పటినుండి మొక్క తన కాపలా తానే కాచుకొనసాగెను.

ఆ కాపలా యెంత యవసరమో తెలియవలెనన్న 1997–98 నాటి వరంగల్లు జిల్లాను తలచుకొనవలెను. ఆ యేడు పత్తికి పురుగు తగిలినది. మందు కొట్టినకొలది పురుగు చావలేదు, అప్పు మాత్రము పెరిగినది. పురుగుకని కొన్న మందునే త్రాగి ఎందరో రైతులు ప్రాణములు విడిచిరి. అట్టి దినములు చూచిన దేశమునకు 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి లభించెను. శనగపచ్చపురుగు వెనుకంజ వేసెను. మా సీమలో పంపు భుజమున వేసికొని పదునైదేసి మార్లు మందు కొట్టినవారు, బీటీ వచ్చిన తొలియేండ్లలో ఆ సంఖ్య సగమునకు దిగినదని చెప్పగా నేను స్వయముగా వింటిని. విషపు తుంపరలు పీల్చు కూలివాని ఊపిరికి గలిగిన యీ మేలును, నగరములందు కూర్చుండి తేలికగా త్రోసిపుచ్చుట ధర్మము కాదు.

దేశమున 2002–03లో 136 లక్షల బేళ్ళుగా నున్న పత్తి 2013–14 నాటికి 398 లక్షల బేళ్ళకు పెరిగెను. బేలన 170 కిలోలు. ఇదంతయు జన్యువు మహిమయే యనుటయు సత్యము కాదు. 2002 కరవు సంవత్సరము. పిమ్మట వానలు కురిసినవి, గుజరాతునందు నీటివసతి పెరిగినది, ఎరువు పెరిగినది, సాగుభూమి పెరిగినది. ఎకరపు దిగుబడియైతే 2007–08 తరువాత పెరుగుట మానివేసెను. అయినను జన్యువునకు ఇందు పాలే లేదనుట అంతకన్న నసత్యము. తినుపంటల విషయముననైనను, ఇట్టివి మనుష్యుల ఆరోగ్యమునకు తక్కిన పంటలకన్న హాని యెక్కువ చేయునని ఋజువు కాలేదని 2016లో అమెరికా దేశపు జాతీయ శాస్త్ర పరిషత్తులు సుదీర్ఘముగా విచారించి తెలిపినవి. రాక్షసి వచ్చినదని కేకలు వేయువారును, కల్పవృక్షము దిగినదని చాటువారును చేనిలోనికి దిగి చూచినవారు కారు.

ఇక రైతు నన్నడిగిన ప్రశ్న. పురుగులు కోట్లకొలది పుట్టును. వానిలో నెక్కడో నొకటి విషమును తట్టుకొను శక్తితో పుట్టును. చేనంతయు బీటీయే యైనచో తక్కినవన్నియు చచ్చి, తట్టుకొన్నవే మిగిలి, తమలో తాము జతకట్టి తమవంటి సంతానమునే కనును. చుట్టును సాధారణపత్తి కొన్ని వరుసలున్నచో, అందు పెరిగిన మామూలు పురుగులు వేలకొలదిగా వచ్చి ఆ యొకటి రెంటితో జతకట్టును. అప్పుడు పుట్టిన సంతానము మఱల విషమునకు లొంగును. ఆ యైదు వరుసలు పురుగులకు మేతయే. ఆ మేతయే మిగిలిన చేనికి రక్ష. ఈ నాలుగు మాటలు నాడు నాకు తెలిసియున్నచో ఆ రైతునకు చెప్పియుందును. అతడు మందబుద్ధి కాడు, వినియుండును.

దేశమంతట నిట్లే జరిగినది. చిన్నపొట్లము లెన్నియో అరుగులమీదనే మిగిలిపోయినవి. 2009లో గుజరాతునందు గులాబిరంగు పురుగు మొదటి జన్యువును తట్టుకొన్నట్లు బయటపడెను. అప్పటికే 2006లో రెండు జన్యువుల పత్తి వచ్చియుండెను. అదియు నెంతో కాలము నిలువలేదు. 2017లో మహారాష్ట్రమునందును, మా తెలంగాణమునందును కాయ కోసిచూచిన లోపల గులాబిపురుగే కనబడెను. మఱల పంపులు భుజముల కెక్కినవి. ఆ యేడే యవత్మాల్ జిల్లాలో మందు కొట్టుచు విషము సోకి ఇరువదిమందికి పైగా రైతులు, కూలీలు మరణించిరి.

ఇదే జన్యువునకు ఇదే పురుగుతో అమెరికాలోని అరిజోనా మొదలగు రాష్ట్రములందు వేఱొక కథ నడిచినది. అక్కడి రైతులు తొలి పదేండ్లు సాధారణపత్తిని నియమముగా వేసిరి. పిమ్మట సంతానము కలుగనీయకుండ చేసిన చిలుకపురుగులను విమానములనుండి చేలపై కోట్లకొలది వదలిరి. పత్తికట్టెను వేళకు దున్నివేసిరి. 2018లో ఆ దేశపు పత్తిచేలనుండి గులాబిపురుగు నిర్మూలమైనదని ప్రభుత్వము ప్రకటించెను. ఒకే జన్యువు, ఒకే పురుగు. అక్కడ పురుగు పోయినది, ఇక్కడ జన్యువు ఓడినది. కాబట్టి మేలుకీడులను జన్యువునందే వెదకుట చాలదు. అది యెట్టి విత్తనమున చేరినది, దానిని పట్టినవారి కెంతవఱకు తెలిసినది, దానిపై నెవరి యాజమాన్యము నడచినది అని విచారింపవలెను.

మన దేశమున నీ జన్యువును చేర్చినది దాదాపుగా సంకరవిత్తనములందే. అమెరికా, చైనా, ఆస్ట్రేలియా దేశములలో దానిని సూటిరకములందు చేర్చిరి. సూటిరకపు గింజ దాచి మఱునాడు విత్తినను తల్లివంటి మొక్కయే వచ్చును. సంకరవిత్తనము తొలియేడు విరుగబండును. దాని గింజ దాచి విత్తిన మొక్కలు నానావిధములై పోవును. కావున రైతు ఏటేట అంగడికి పోవలసినదే. అంతేకాదు, మన సంకరరకములు దీర్ఘకాలము చేనిలో నిలుచును గనుక చలికాలమంతయు పురుగునకు మేత దొరకును. కంపెనీలకు సంకరము కంచెవంటిది. ఆ కంచె లోపల ధర యెట్లు పెరిగెనో మనవారెఱుగుదురు. సంచి యొక్కింటికి 1600 రూపాయలు దాటినప్పుడు, 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గుత్తాధిపత్య నియంత్రణ సంఘము నాశ్రయించి పోరాడినందున అది 750 రూపాయలకు దిగెను. ఇది మన ప్రభుత్వము చేసిన మంచిపనులలో నొకటి.

సంకరవిత్తనము చేతులతో చేయవలసినది. ఇక్కడనే నా రెండవ తప్పు మొదలగుచున్నది. మా నడిగడ్డ పత్తివిత్తనములకు పుట్టినిల్లు. దీనిని సీడుపత్తి యందురు. సాయంకాలము చేనిలో తిరుగుచు, మఱునాడు విచ్చనున్న మొగ్గలను గుర్తించి, గోటితో ఱేకులను కేసరములను ఒలిచివేయవలెను. తెల్లవారిన తరువాత మగమొక్కల పూవులు కోసికొనివచ్చి, ఒలిచిన ప్రతి మొగ్గకును పుప్పొడి రాయవలెను. రెండు నెలలపాటు ఒక్క దినమైనను ఆగకుండ జరుగవలసిన పని యిది. బీటీ జన్యువు రాకముందే యీ పని కలదు. సంకరపత్తి 1970లోనే గుజరాతునందు మొదలైనది. కాని బీటీ వచ్చినపిదప దేశమంతటికిని సంకరవిత్తనమే కావలసివచ్చి, ఈ మొగ్గలు ఒలుచు చేతులకు గిరాకి పెరిగెను. ఆ చేతు లెక్కువగా ఆడపిల్లలవి. చిన్నవేళ్ళకు మొగ్గ నలగదని యొక మాట చెప్పుచుండిరి. పెద్దవారి వేళ్ళకును మొగ్గ నలగదు. పెద్దవారి కూలి మాత్ర మెక్కువ.

2008 ఆగస్టు నెలనుండి నా హాజరుపట్టీలో ఆ రైతు కూతురి పేరునకెదురుగా గైర్హాజరు గుర్తులు వరుసగా పడినవి. ఒక ఉదయము బడికి పోవుచు దారిప్రక్క సీడుపత్తి చేనిలో ఆమెను చూచితిని. పూలబుట్ట చేత బట్టుకొని, వరుసలో వంగియుండెను. నన్ను చూచి నిలుచుండి, "ఇంకా పది దినాలు సార్. క్రాసింగ్ అయిపోతే బడికి వస్తా" అనెను. తండ్రి విత్తనమునకును ఎరువునకును తీసికొన్న బాకీకై ఆమె కూలి ముందే చెల్లిపోయినదని తరువాత తెలిసినది. తన చేనికి విత్తనము కొనుటకు చేసిన యప్పును, మఱొక చేనిలో విత్తనము పుట్టించి కూతురు తీర్చుచుండెను. "సరే, త్వరగా రా" అని చెప్పి నేను బడికి పోతిని. ఆమె దసరా వెళ్ళిన తరువాత వచ్చెను. వెనుకబడిన పాఠములు అందుకొనలేదు. ఎనిమిదవ తరగతికి రాలేదు. నియమము ప్రకారము నేను ఆమె పేరు కొట్టివేసితిని. నా చేతితో చేసిన దింతే.

మా సంస్కృత గ్రంథములలో బీజము గొప్పదా క్షేత్రము గొప్పదా యను వాదమొకటి కలదు. మనుధర్మశాస్త్రపు తొమ్మిదవ యధ్యాయమున నిది వచ్చును. ఒప్పందము లేనిచోట విత్తిన వానికి గాక పొలము గలవానికే ఫలము చెందునని యందలి నిర్ణయము. అచ్చట క్షేత్రమని చెప్పబడినది నిజమునకు స్త్రీ. స్త్రీని పొలముగా నెంచి, పంట యెవరిదని తగవులాడిన ఆ చింతనను నేను మెచ్చను. కాని వాదము మాత్ర మీనాటికిని తీరలేదు. 2004లో కెనడా దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు పెర్సీ ష్మైజరు అను రైతు కేసు వచ్చినది. కంపెనీ జన్యువు గల ఆవజాతి మొక్కలు అతని పొలమున కనబడగా, అతడు వాని గింజలు దాచి మఱుసటియేట విత్తెను. పేటెంటు కంపెనీదే యని న్యాయమూర్తులలో నైదుగురు, కాదని నలుగురు తీర్పు చెప్పిరి. కంపెనీకి అతడు సొమ్ము చెల్లింపనక్కరలేదనిరి. అక్కడ బీజము గెలిచినది. మన దేశమున 2001లో చేసిన చట్టము క్షేత్రి పక్షమున నిలిచినది. రైతు తన పంటగింజను దాచుకొనవచ్చును, విత్తుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, కంపెనీ ముద్ర వేయకుండ అమ్ముకొననువచ్చును. గొప్ప చట్టమే. కాని దాచినను మొలకెత్తి సరిగా పండని సంకరవిత్తనముపై ఆ హక్కు ఖాళీసంచివంటిది.

బీజి యొకడు, క్షేత్రి యొకడు. ఈ యిరువురిని గూర్చియే మనువును, కెనడా న్యాయమూర్తులును, మన శాసనకర్తలును తలచిరి. మొగ్గ ఒలిచి పుప్పొడి రాచి బీజమును బీజముగా చేసిన యా పదిపండ్రెండేండ్ల బాలిక ఏ వాదమునందును లేదు. చిత్రమేమనగా, ఆ రైతు నావద్దకు తెచ్చిన సంచిలోని గింజ నేదో ఊరి బాలిక యిట్లే పుట్టించి యుండును. దాని ధరలో జన్యువునకు పాలు వేసిరి, కంపెనీకి వేసిరి, దుకాణదారునకు వేసిరి. ఆమె పోగొట్టుకొన్న యెనిమిదవ తరగతికి ఎవ్వరును పాలు వేయలేదు.

ఇట్లు చెప్పినంతమాత్రమున నేను జన్యుమార్పిడికి శత్రువునని తలపవలదు. దానిని వేఱువిధముగా పంచిన దృష్టాంతమును మన ప్రక్కనే యున్నది. 2009లో బీటీ వంకాయకు మన దేశపు సంఘము సమ్మతి తెలుపగా, నాటి మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో కూడ ఏడు నగరములలో ప్రజల యభిప్రాయము విని, 2010 ఫిబ్రవరిలో దానిని నిలిపివేసెను. వంకాయకు మన దేశము జన్మభూమి గదా, తొందర వలదని వాదించినవారిని నేను తప్పుపట్టను. బంగ్లాదేశము 2013లో దానినే అనుమతించినది. అచ్చట ఆ విత్తనమును సర్కారు పరిశోధనాలయమే సూటిరకములందు తయారుచేసినది గనుక రైతు గింజ దాచుకొనవచ్చును. కాయతొలుచు పురుగుకై కొట్టు మందు తగ్గినది. మన దేశమున పబ్లికు సంస్థలు 2008లో బీటీ పత్తి సూటిరకము నొకదానిని విడుదల చేసి, అందు పరాయి జన్యువు కలిసియున్నదని తెలిసి మఱుసటి యేడే నిలిపివేసిరి. ఆ భంగపాటును తలచుకొని సిగ్గుపడవలసినదే కాని, ఆ ప్రయత్నమును విడిచిపెట్టవలసిన పని లేదు. జన్యువు ఏదైనను కానిండు. పరీక్షల ఫలితములు అందఱును చదువగల తెలుగులో ఉండవలెను. విత్తనము రైతు దాచుకొనగలదై యుండవలెను. దానిని పుట్టించిన చేతులు పెద్దవారివై యుండవలెను.

ఈ మూడింటిలో నొకటి మాత్రము నా చేతిలోనున్నది. 2017లో గులాబిపురుగు మా ఊరి చేలను తినివేసిన తరువాత, వ్యవసాయాధికారి నొకరి నాశ్రయించి ఐదు వరుసల రహస్యమును తెలిసికొంటిని. మఱుసటి తొలకరికి ఆ రైతు ఇంటికి పోయి, అరుగుమీద కూర్చుండి, పదేండ్లనాటి ప్రశ్నకు సమాధానము చెప్పితిని. అతడు తుదివఱకు విని, కొంతసేపు మాటాడక యుండి, "ఇది అప్పుడే చెప్పింటే బాగుండు గదా సారూ" అనెను. అందు కోపము లేదు. ఆ మాటకు నావద్ద నేటికిని జవాబు లేదు.

అతని కూతురి మాట అడిగితిని. పొరుగూరి కిచ్చిరట. పెండ్లినాటికి పదునెనిమిది నిండినవో లేదో అడుగుటకు నాకు ధైర్యము చాలలేదు.

ఆ యేటినుండి జూను నెలలో ఒక పాఠమును కట్టిపెట్టి, పిల్లలు తమ యిండ్లనుండి తెచ్చిన విత్తనపు సంచులమీది కాగితములను తరగతిలో చదివించుచున్నాను. ప్రతి మాటకును అర్థమడుగుదును. నాకు తెలియనిదానిని తెలియదనియే చెప్పి, కనుగొని, వారము తిరుగునప్పటికి చెప్పుచున్నాను. సాయంకాలము ఇంటికి పోయి అమ్మానాన్నలకు చెప్పుడని పిల్లలను పంపుచున్నాను. ఆగస్టు నెల వచ్చినచో, హాజరుపట్టీలో మూడు దినములు వరుసగా గైర్హాజరు పడిన బాలిక ఇంటికి నాలుగవ దినమున నేను పోవుచున్నాను. కొందఱు తలుపు తీయుదురు, కొందఱు చేనిలో నుందురు. చేనికే పోవుచున్నాను.